నా కస్టమర్లు ఒక యాప్‌లో, నా కొడుకు ఇంకో యాప్‌లో

ప్రశ్న:

మాది గద్వాల. ఇంట్లో రెండు మగ్గాలు ఉన్నాయి. మా ఆయన నేస్తాడు, నేను అమ్ముతాను. ఎనిమిదేళ్లుగా చీరల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టి హైదరాబాద్, కర్నూలు, రాయచూరు, షోలాపూర్ దాకా పంపుతున్నా. నాలుగు వందల మందికి పైగా కస్టమర్లు అందులోనే ఉన్నారు. మా పెద్దోడు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాడు. పోయిన దసరాకి వచ్చి నా ఫోన్‌లో అరట్టై అనే చాట్ యాప్ వేశాడు. తన ఫోన్‌లో వాట్సాప్ మొత్తమే తీసేశాడు. చిన్నదాని కాలేజీ వాళ్ల ముచ్చట్లన్నీ టెలిగ్రామ్‌లో. ఒక్కదాన్నే మూడు యాప్‌లు చూసుకుంటున్నా, ఫోన్‌లో జాగా అయిపోతోంది.

షోలాపూర్‌లో ఒకావిడ ఏటా పెళ్లిళ్ల సీజన్‌లో పది చీరలు తీసుకునేది. ఈసారి మూడు నెలల పాటు ఫొటోలు పంపుతూనే ఉన్నా, ఒక్క టిక్కే పడింది. కోపం వచ్చిందేమో అనుకున్నా. తీరా చూస్తే కొత్త ఫోన్ కొని, అందులో వాట్సాప్ వేసుకోలేదట.

ఎయిర్‌టెల్ నుంచి జియోకి ఫోన్ కలుస్తుంది కదా, ఒక యాప్ నుంచి ఇంకో యాప్‌కి మెసేజ్ ఎందుకు పోదు? కంపెనీలు తలుపులు తెరవాల్సిందే అని మా వాడంటాడు. మా తమ్ముడు బ్యాంకులో చేసి రిటైరయ్యాడు. తెరిస్తే దొంగలే ముందు వస్తారని ఆయన వాదన. పండగ పూట మామా అల్లుళ్లిద్దరూ దీని మీద గొడవపడి అన్నాల దగ్గర నుంచి లేచిపోయారు. ఎవరి మాట రైటు? కస్టమర్లందరినీ కొత్త యాప్‌కి మార్చాలా?

సమాధానం:

అక్కా, మీ ఉత్తరంలో నేను ఆ ఒక్క టిక్కు దగ్గరే చాలాసేపు ఆగిపోయాను. ఒక్క టిక్కు అంటే మెసేజ్ మీ ఫోన్ నుంచి బయలుదేరింది, కంపెనీ కంప్యూటర్ దాకా వెళ్లింది, అవతలి మనిషి ఫోన్‌కి మాత్రం చేరలేదు. ఆ మూడు నెలలూ షోలాపూర్ ఆవిడ ఉంది, ఆమె నెంబరు పనిచేస్తోంది, ఆమె చేతిలో ఇంటర్నెట్ ఉన్న ఫోన్ ఉంది. మీరు కాల్ చేసి ఉంటే రింగయ్యేది. మధ్యలో అడ్డున్నది ఒక కంపెనీ కట్టుకున్న గోడ ఒక్కటే. ఆ గోడ మీకు కనపడదు కాబట్టి, ఆవిడకి కోపం వచ్చిందేమో, ధర ఎక్కువ చెప్పానేమో అని మీలో మీరే బాధపడ్డారు. నాకు బాగా కష్టం అనిపించింది ఇదే.

మీరు అడిగినదానికి నా జవాబు ముందే చెప్పేస్తాను. పెద్ద కంపెనీలు తమ మెసేజింగ్‌ను బయటివాళ్లకు తెరవాల్సిందే. ఈ విషయంలో మీ అబ్బాయి మాటే నా మాట. మీ తమ్ముడి భయం కూడా నిజమైన భయమే, కొట్టిపారేయడానికి లేదు. ఎలా తెరవాలన్నది ఆ భయాన్ని దగ్గర పెట్టుకునే తేల్చుకోవాలి. కస్టమర్లను మాత్రం ఇప్పుడు మార్చకండి. ఒక్క చీర కోసం కర్నూలులో ఎవరూ కొత్త యాప్ వేసుకోరు.

ఎయిర్‌టెల్ నుంచి జియోకి ఫోన్ ఎందుకు కలుస్తుంది అన్నారు చూడండి, అసలు విషయమంతా ఆ ప్రశ్నలోనే ఉంది. కంపెనీలు మంచివి కాబట్టి కలవడం లేదక్కా. కలపాలని రూలు ఉంది కాబట్టి కలుస్తోంది. 2016 సెప్టెంబరులో జియో వచ్చినప్పుడు సిమ్ కోసం ఊరూరా లైన్లు కట్టారు, మీకు గుర్తుండే ఉంటుంది. అప్పట్లో జియో నుంచి వేరే నెట్‌వర్క్‌కి చేస్తే కాల్ కలవడమే కష్టంగా ఉండేది, ఎన్నోసార్లు కొడితే గానీ మోగేది కాదు. తగినన్ని లింకులు పాత కంపెనీలు ఇవ్వడం లేదని జియో అంది. మా మీద మోయలేనన్ని కాల్స్ వచ్చి పడుతున్నాయని పాత కంపెనీలు అన్నాయి. టెలిఫోన్ కంపెనీలను అదుపులో పెట్టే ట్రాయ్ విచారించి, ఎయిర్‌టెల్, వొడాఫోన్, ఐడియాల మీద మొత్తం 3,050 కోట్ల రూపాయల జరిమానా వేయాలని సిఫార్సు చేసింది. అది 2016 అక్టోబరులో, సరిగ్గా మీ గద్వాల జిల్లా అయిన నెలలోనే. మా తీగల మీద మీ మాటలు పోనివ్వం అనే హక్కు టెలిఫోన్ కంపెనీకి లేదు. మెసేజింగ్ యాప్‌కి మాత్రం మన దేశంలో ఇప్పటికీ ఆ హక్కు ఉంది.

నెంబరు సంగతి కూడా అంతే. 2011 జనవరి 20 నుంచి దేశమంతా నెంబరు మార్చకుండా కంపెనీ మార్చుకునే వీలు వచ్చింది. అంతకు ముందు సిగ్నల్ రాకపోయినా, బిల్లు ఎక్కువ వేసినా, నెంబరు పోతుందని అదే సిమ్‌తో నెట్టుకొచ్చిన షాపుల వాళ్లు ఎంతమందో. బోర్డు మీద రాయించిన నెంబరు, పెళ్లి కార్డుల మీద అచ్చయిన నెంబరు ఎట్లా వదులుకుంటారు? ఈరోజు మీరు వాట్సాప్‌లో ఉన్న తీరు అదేనక్కా. ఆ యాప్ మీద ప్రేమతో ఉన్నారో లేదో నాకు తెలియదు. ఆ నాలుగు వందల మంది మాత్రం మిమ్మల్ని అక్కడ కట్టేశారు. వాళ్లను కూడా వాళ్ల వాళ్లు కట్టేశారు.

ఇలా కట్టేసి ఉంచడానికి ఎంత విలువో కంపెనీలకు మనకంటే బాగా తెలుసు. 2014లో ఫేస్‌బుక్ వాట్సాప్‌ను 1,900 కోట్ల డాలర్లకు కొంటున్నట్టు ప్రకటించినప్పుడు అందులో పనిచేసేవాళ్లు 55 మంది. వాడేవాళ్లు 45 కోట్లు. అంత డబ్బు పెట్టి కొన్నది ఆ 55 మంది రాసిన ప్రోగ్రామును అనుకుందామా? కొన్నది ఆ గుంపును. మన దేశంలోనే ఇప్పుడు వాడేవాళ్లు 50 కోట్లు దాటారు. మీరు ఎనిమిదేళ్లుగా ఒక్కొక్కరి నెంబరు అడిగి, రంగులు చెప్పి, పార్సిల్ చేరిందా అమ్మా అని ఆరా తీసి సంపాదించుకున్న నాలుగు వందల మంది కూడా ఆ లెక్కలో ఉన్నారు. ఆ చుట్టరికం మీదీ వాళ్లదీ. కంపెనీ దారి ఇచ్చింది, నిజమే. దారి ఇచ్చినందుకు ఊరంతా నాదే అంటే కుదరదు కదా.

మరి కంపెనీలే మంచి మనసుతో తెరవవచ్చు కదా అని మీ తమ్ముడు అడగవచ్చు. తెరిచారు, మళ్లీ మూసుకున్నారు. నేను నల్గొండలో చదువుకునే రోజుల్లో క్లాక్ టవర్ దగ్గర ఒక నెట్ సెంటర్‌కి పోయేవాణ్ని. మా అన్నయ్య దుబాయిలో ఎంఎస్ఎన్ మెసెంజర్ వాడేవాడు, మా బావ బెంగళూరులో యాహూ. గంటకు ఇంత అని కట్టించుకునేవాళ్లు కాబట్టి, రెండు కిటికీలు తెరిచి, ఇతను చెప్పింది అక్కడ టైపు చేసి, అతను చెప్పింది ఇక్కడ టైపు చేసి, ఇద్దరి మధ్య నేనే తీగనయ్యేవాణ్ని. అమ్మ ఆరోగ్యం సంగతి ఇద్దరికీ రెండు సార్లు రాయాలి. 2006లో యాహూ, ఎంఎస్ఎన్ వాళ్లు తమలో తాము ఒప్పందం చేసుకుని మెసేజ్‌లు కలిపారు. ఆరోజు ఒకే కిటికీలో ఇద్దరి పేర్లూ కనపడితే ఎంత సంబరమైందో ఇప్పటికీ మరచిపోలేదు.

దానికి ముందు 1999లో అమెరికాలో పెద్ద పేచీ నడిచింది. మైక్రోసాఫ్ట్ కొత్తగా మెసెంజర్ తెచ్చి, అప్పటికే కోట్ల మంది ఉన్న ఏఓఎల్ మెసెంజర్ వాళ్లతో కూడా మాట్లాడేలా చేసింది. ఏఓఎల్ వెంటనే దాన్ని అడ్డుకుంది. వీళ్లు దారి మార్చి మళ్లీ వచ్చారు, వాళ్లు మళ్లీ అడ్డుకున్నారు. అలా కొన్ని నెలల పాటు పట్టుదలలు నడిచి, చివరికి మైక్రోసాఫ్టే తప్పుకుంది. మెసేజింగ్‌లో అప్పుడు మైక్రోసాఫ్ట్ చిన్నది, అందుకే తలుపు తెరవమంది.

గూగుల్ కథ ఇంకా తేట. 2005లో గూగుల్ టాక్ వచ్చింది. 2006 నుంచి దాన్ని ఎక్స్‌ఎంపీపీ అనే ఉమ్మడి పద్ధతి మీద బయటి సర్వర్లతో కలిపారు. వేరే కంపెనీ చాట్ వాడేవాళ్లు కూడా గూగుల్ వాళ్లకు మెసేజ్ పెట్టగలిగేవాళ్లు. 2013లో హ్యాంగవుట్స్ అని కొత్తది తెచ్చి ఆ లింకు తీసేశారు. ఫేస్‌బుక్ కూడా 2010లో అదే పద్ధతిలో తన చాట్‌లోకి బయటి యాప్‌లను రానిచ్చి, తర్వాత ఆపేసింది. గుంపు లేనప్పుడు అందరూ తలుపులు బార్లా తీస్తారు, గుంపు పోగయ్యాక గడియ పెడతారు. అందుకే నేను కంపెనీల మంచితనాన్ని నమ్ముకోమని చెప్పలేను. మీ అబ్బాయికి కూడా ఈ మాట చెప్పండి. అరట్టై కట్టిన జోహో పెద్దాయన శ్రీధర్ వెంబు, మెసేజింగ్ కూడా యూపీఐ లాగా, ఈమెయిల్ లాగా అందరికీ కలవాలని బహిరంగంగానే అన్నారు. చాలా మంచి మాట, నాకు సంతోషం. కానీ అది చిన్నగా ఉన్న కంపెనీ అన్న మాట. రేపు దానికి 50 కోట్ల మంది వచ్చాక కూడా అదే మాట మీద నిలబడాలంటే, మాట ఒక్కటే సరిపోదు, చట్టం ఉండాలి.

యూపీఐ అన్నాను కదా, మీకు రోజూ చేతిలో ఉండేది అదే. కస్టమర్ ఫోన్‌పే నుంచి కొడుతుంది, మీకు గూగుల్ పేలో మోగుతుంది. ఆమె ఏ యాప్ వాడుతుందో మీరెప్పుడైనా అడిగారా? అవసరమే రాలేదు. 2016లో దేశంలో చెల్లింపుల వ్యవస్థలు నడిపే ఎన్‌పీసీఐ దాన్ని మొదటి నుంచే అందరికీ కలిసేలా కట్టింది. ముందే డబ్బు వేసి పెట్టుకునే వాలెట్ యాప్‌లు అలా లేవు. ఒక వాలెట్ డబ్బు ఇంకో వాలెట్‌కి పోయేది కాదు. చివరికి రిజర్వ్ బ్యాంకు 2022 మార్చి 31 నాటికి పూర్తి కేవైసీ ఉన్న వాలెట్లన్నీ ఒకదానితో ఒకటి కలవాల్సిందే అని గడువు పెట్టింది. మీ తమ్ముడు బ్యాంకు మనిషి కాబట్టి ఈ ముక్క ఆయనకు నాకంటే బాగా తెలుసు. డబ్బే ఒక కంపెనీ నుంచి ఇంకో కంపెనీకి భద్రంగా పోతున్నప్పుడు, చీర ఫొటో ఎందుకు పోకూడదని ఆయన్ను అడగండి. ఒక మాట కూడా ఒప్పుకోవాలి. యూపీఐ అందరికీ తెరిచి ఉన్నా, లావాదేవీల్లో చాలా భాగం రెండే యాప్‌ల చేతిలో ఉంది. తెరవగానే పెద్దవాళ్లు చిన్నవాళ్లయిపోరు. కానీ మూడో యాప్‌లో ఉన్న మనిషికి డబ్బు ఆగదు, మనకు కావలసింది అదే.

ఇప్పుడు తెరవడమంటే ఏమిటో చెప్పాలి. ఇదివరకే ఒకచోట మొదలైంది కాబట్టి చెప్పడం తేలిక. యూరప్ దేశాలు 2022లో డిజిటల్ మార్కెట్స్ యాక్ట్ అని చట్టం చేశాయి. 2023 సెప్టెంబరులో వాట్సాప్‌నూ మెసెంజర్‌నూ దాని కిందికి తెచ్చారు, 2024 మార్చి 7 నుంచి బాధ్యతలు మొదలయ్యాయి. బయటి మెసేజింగ్ కంపెనీ ఏదైనా వచ్చి మమ్మల్ని కలపండి అని అడిగితే కలపాలి, అందుకు డబ్బు అడగకూడదు. ముందు ఇద్దరి మధ్య మెసేజ్‌లు, ఫొటోలు, వాయిస్, వీడియోలు, ఫైళ్లు. తర్వాత గ్రూపులు. ఆ తర్వాత కాల్స్. దానికి నాలుగేళ్ల దాకా టైం ఇచ్చారు. 2025 నవంబరులో మొదటిసారిగా బర్డీచాట్, హైకెట్ అనే రెండు చిన్న యాప్‌లను యూరప్‌లో వాట్సాప్‌తో కలుపుతున్నట్టు మెటా (ఫేస్‌బుక్ కంపెనీ ఇప్పటి పేరు) ప్రకటించింది. రెండే, అవీ ఎవరూ పెద్దగా వినని పేర్లు. అయినా నాకు ఇది పెద్ద సంగతే, ఎందుకంటే కుదరదు, కుదరదు అని ఏళ్ల తరబడి చెప్పిన పని కుదిరింది.

అందులో మీ తమ్ముడు వినాల్సినది ఒకటుంది. అక్కడ బయటి యాప్ నుంచి వచ్చే మెసేజ్‌లు నాకు కావాలి అని వాడేవాళ్లే సెట్టింగులో ఆన్ చేసుకోవాలి. వద్దనుకుంటే ఏమీ మారదు. ఆ మెసేజ్‌లను వేరే పెట్టెలో చూసుకోవచ్చు, కావాలంటే అన్నిటితో కలిపి చూసుకోవచ్చు. గడియ ఇంట్లోవాళ్ల చేతిలోనే ఉంది.

ఇక తాళం సంగతి. వాట్సాప్ మెసేజ్ మీ ఫోన్‌లో తాళం పడి, అవతలి ఫోన్‌లోనే తెరుచుకుంటుంది, మధ్యలో కంపెనీకి కూడా చదవడం కుదరదు. రెండు యాప్‌లను కలిపేటప్పుడు సులువైన దొంగదారి ఒకటుంది. మధ్యలో ఒక కంప్యూటర్ పెట్టి, ఈ యాప్ తాళం అక్కడ తీసి, ఆ యాప్ తాళం అక్కడ వేసి పంపడం. అలా చేస్తే ఆ మధ్య మనిషి అన్నీ చదవగలడు. మీ కస్టమర్ అడ్రసులు, బ్యాంకు వివరాలు, కూతురి పెళ్లి ముచ్చట్లు అన్నీ. ఇలా కలపడం వద్దే వద్దు.

దీన్ని మీకు మీ మగ్గం మీదే చెప్పగలను. గద్వాల చీరకు ఒళ్లు కాటన్, అంచూ కొంగూ పట్టు. కుప్పడం అనే ఈ నేతలో అంచు పేక (అడ్డంగా పోయే దారం) వేరు, ఒంటి పేక వేరు. ఆ దారాన్ని అటూ ఇటూ నడిపే నాడెలు మూడు ఆడాలి, నేసే మనిషి పక్కన ఇంకొకరి సాయం కావాలి. రెండు దారాలు కలిసే చోట, ఒక్కొక్క వరుసలో ఒకదానిలో ఒకటి చిక్కి ముడిపడతాయి. అక్కడ తొందరపడితే సందు కనిపిస్తుంది, ఉతికేసరికి అంచు విడిపోతుంది. నేను మీ ఊళ్లో ఒక మగ్గం పక్కన కూర్చుని చూశాను, ఆ కలిసే చోట నాడె అందుకోవడానికి పక్కన సాయం చేసే అమ్మాయి చెయ్యి ఎంత ఒడుపుగా వస్తుందో. కాటన్ కాటన్‌గానే ఉంది, పట్టు పట్టుగానే ఉంది, చీర ఒక్కటైంది. విడిగా నేసి తర్వాత సూదితో అతికించిన అంచుకీ దీనికీ తేడా మీరు చేత్తో తడిమి చెప్పగలరు. యాప్‌లను కలపడం కూడా నేతలోనే జరగాలి. రెండు యాప్‌లూ ఒకే రకం తాళం వేసుకోవాలి, అది ఆ రెండు ఫోన్లలోనే తెరుచుకోవాలి. యూరప్ చట్టం కూడా అదే పట్టుబట్టింది, ఇప్పుడున్న భద్రత ఏమాత్రం తగ్గకూడదని. ఇందుకు పనికొచ్చే ఎంఎల్ఎస్ అనే ఉమ్మడి తాళం పద్ధతిని ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ 2023లో ప్రచురించింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కాబట్టి సాంకేతికంగా అసాధ్యం అన్న మాట ఇక చెల్లదు. కష్టం, అంతే.

తాళం సరిగ్గా పడినా ఒక చిక్కు మిగులుతుంది. ఎవరు ఎవరితో, ఎప్పుడు, ఎన్నిసార్లు మాట్లాడారు అనే చిట్టా. రెండు కంపెనీలు కలిస్తే ఆ చిట్టా రెండు చోట్లా పడుతుంది. సిగ్నల్, త్రీమా అనే యాప్‌లు మేం వాట్సాప్‌తో కలవం అని చెప్పింది ఇలాంటి కారణాల వల్లే. వాటి నిర్ణయాన్ని నేను గౌరవిస్తాను. అందుకే చట్టం బలవంతం చేయాల్సింది ఊరంతా ఆధారపడిన పెద్ద కంపెనీలనే. గోప్యతే ప్రాణంగా చిన్నగా బతికే యాప్‌ను ఎవరూ బలవంతం చేయకూడదు. చిన్న కొట్టు షట్టర్ దించుకుంటే పక్క కొట్టుకి పోతాం. ఊరికి ఒకటే రోడ్డు ఉండి, దానికి గేటు పెడితే ఎక్కడికి పోతాం?

ఇంకో సంగతి కూడా గట్టిగా చెప్పాలి. తెరవడం అనే మాటను ప్రభుత్వాలు కూడా వాడుకుంటాయి. బయటి యాప్‌లకు దారి ఇవ్వడం వేరు, మెసేజ్ చదవడానికి తాళంచెవి ఇవ్వడం వేరు. మన 2021 ఐటీ రూల్స్‌లో మెసేజ్ మొదట ఎవరు పంపారో చెప్పాలని ఉంది. దాని మీద వాట్సాప్ ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. తాళం పగలగొట్టమంటే దేశం వదిలి వెళ్లిపోతామని 2024లో కోర్టులోనే చెప్పింది. ఈ ఒక్క విషయంలో నేను ఆ కంపెనీ పక్షమే. మీ అబ్బాయి వాదనను, తాళంచెవి అడిగే వాదనను ఎవరూ కలిపి కలగాపులగం చేయకుండా చూసుకోవాలి.

ఇక మీ తమ్ముడి దొంగలు. తమ్ముడుగారిని ఒకటి అడగండి అక్కా. పోలీసులమని వీడియో కాల్ చేసి డిజిటల్ అరెస్టు అని భయపెట్టినవాళ్లు, ట్రేడింగ్ గ్రూపుల్లో చేర్చి లక్షలు ఊడ్చినవాళ్లు, కరెంటు బిల్లు అని లింకులు పంపినవాళ్లు ఏ తలుపు నుంచి వచ్చారు? ఇప్పుడు మూసి ఉన్నాయంటున్న యాప్‌లలోంచే కదా. గోడ మామూలు మనుషులను ఆపుతోంది, దొంగలను ఆపడం లేదు. పది సిమ్‌లు కొనుక్కున్న వాడికి ప్రతి యాప్‌లోనూ ఖాతా ఉంటుంది. అయినా తెరిస్తే చెత్త పెరుగుతుందన్న భయం నిజమే. ఈమెయిల్ అందరికీ తెరిచి ఉంది, అందుకే స్పామ్‌తో నిండుతోంది. దానికి మందు కూడా మన దగ్గరే ఉంది. మీ ఎస్ఎంఎస్‌లు తెరిచి చూడండి. కంపెనీలు పంపిన మెసేజ్‌ల మీద పేరు చివర పి, ఎస్, టి, జి అని ఒక అక్షరం కనిపిస్తుంది. పి అంటే ప్రచారం, ఎస్ అంటే సర్వీసు, టి అంటే లావాదేవీ, జి అంటే ప్రభుత్వం. 2025 నుంచి ట్రాయ్ ఇది తప్పనిసరి చేసింది. పేరు రిజిస్టరు చేసుకోకుండా కంపెనీలు ఆ దారిలోకి రాకూడదు. మెసేజింగ్‌లోనూ బయటి యాప్ ఏదో దాని పేరు మెసేజ్ మీదే కనపడాలి, తప్పు చేస్తే ఆ యాప్‌ను మొత్తంగా బయటికి పంపే రూలు ఉండాలి. ఎవరైనా మోసపోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఇది తెరిచినా మూసినా మారదు.

మన దేశంలో 2024 మార్చిలో పెద్ద డిజిటల్ కంపెనీలకు రూలు పెట్టే డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదా బయటికి వచ్చింది, చట్టం మాత్రం కాలేదు. పెద్ద కంపెనీలు దాన్ని గట్టిగానే వ్యతిరేకించాయి. మీలాంటి వాళ్ల గొంతు అక్కడ వినిపించలేదు. చేనేత సంఘాల మీటింగుల్లో నూలు ధర, జీఎస్టీ, చేనేత మిత్ర గురించి మాట్లాడుకుంటారు. ఈ ముచ్చట కూడా అక్కడ పెట్టండి. మధ్య దళారి పోయి సొంతంగా అమ్ముకుంటున్నాం అని సంబరపడిన ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ఆ దళారి జాగాలోకి యాప్ వచ్చి కూర్చుంటోందని మొదట తెలుసుకునేది కూడా మీరే.

చట్టం వచ్చేదాకా మీరు చేసుకోగలిగినవి చెబుతాను. నెంబర్లన్నీ ఫోన్ కాంటాక్టుల్లో సేవ్ చేసి గూగుల్ ఖాతాకు సింక్ చేయించండి. యాప్‌లో చాట్ ఉంది కదా అని వదిలేయకండి, చాలామంది చాట్‌లోనే ఉంటారు, కాంటాక్టుల్లో ఉండరు. దానితో పాటు ఒక పుస్తకం పెట్టండి. పేరు, ఊరు, నెంబరు, ఏ రంగు ఇష్టం, చివరి చీర ఎప్పుడు. వాట్సాప్‌లో ఒకే మెసేజ్ చాలామందికి పంపే బ్రాడ్‌కాస్ట్ లిస్టు వాడుతుంటే ఒక సంగతి గుర్తుంచుకోండి. మీ నెంబరు సేవ్ చేసుకోని వాళ్లకు ఆ మెసేజ్ చేరదు, ఒక లిస్టులో 256 మందే పడతారు. అందుకే పార్సిల్‌లో వేసే కాగితం మీద 'ఈ నెంబరు సేవ్ చేసుకోండి' అని రాయించండి. ఆ కాగితం మీద యాప్ గుర్తు వేయకండి, నెంబరు వేయండి. యాప్‌లో టూ స్టెప్ వెరిఫికేషన్ (ఆరంకెల పిన్) పెట్టుకోండి, ఆ ఆరంకెలు తమ్ముడికి కూడా చెప్పకండి. ఒక్క టిక్కు వారం దాటితే కోపమొచ్చిందని అనుకోవద్దు, మామూలు ఎస్ఎంఎస్ ఒకటి పెట్టండి, లేదా కాల్ చేయండి.

మీ అబ్బాయికి నా తరఫున ఒక మాట. బాబూ, నీ సిద్ధాంతం మంచిది. దాని బరువు మాత్రం అమ్మ ఫోన్ మీద పడింది. నీతో మాట్లాడటానికి ఆమె ఒక కొత్త యాప్ నేర్చుకుంది, ఆమె కోసం నువ్వు పాతది ఒకటి ఉంచుకోవచ్చు కదా. తలుపు తెరుచుకున్న రోజున తీసేద్దువు గానీ. అప్పటిదాకా ఆ కాంటాక్టుల పని నువ్వే చేసిపెట్టు, నాలుగు వందల పేర్లు ఒక ఆదివారంలో అయిపోతాయి. మామయ్యను కూడా పక్కన కూర్చోబెట్టుకో. పేర్లు ఆయన చదువుతాడు, నువ్వు కొట్టు.

మొదలు షోలాపూర్ నుంచి పెట్టండి అక్కా. ఆవిడకు ఇప్పుడే ఫోన్ చేయండి, మూడు నెలలుగా పంపిన ఫొటోల సంగతి చెప్పండి. మీ ఉత్తరంతో పాటు పంపిన ఆ నెమలికంఠం ఒంటికి ఎర్రంచు చీర ఇంకా ఇంట్లోనే ఉంటే, మొదట దాన్ని అడగమనండి.